ఇప్పపువ్వు: నాణ్యత తేలేది నీళ్లు కలపని చుక్కలోనే

శ్రీరాంపూర్: అటవీ ఫలసాయంలో ధారణ తేలికగా తేలని సరుకు ఇప్పపువ్వు. మార్చి నెల నడిమి నుంచి ఏప్రిల్ చివరి దాకా రాబడి వుంటుంది. ఆ తరువాత మిగిలిన ఏడాదంతా నిల్వల మీదనే బేరం. చింతపండుకో, కరక్కాయకో పలికినట్టు దీని ధర బహిరంగంగా పలకదు. కారణం వర్తకులకు తెలియనిది కాదు. సరుకులో పెద్ద భాగం చివరకు చేరేది సారా కుండలోకి. పువ్వు మంచిదా, చెడ్డదా అన్నది బస్తాలో చేయి పెట్టి చూస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం తెలిసేది దానితో తీసిన సారాను నీళ్లు కలపకుండా నాలుక మీద వేసుకున్నప్పుడే. స్కాట్లాండులో సింగిల్ మాల్ట్ విస్కీని పరీక్షించే పద్ధతి కూడ సరిగ్గా ఇదే. ఒకే రకపు పరీక్షకు నిలిచే రెండు సరుకుల్లో ఒకటి ప్రపంచమంతా బిరడా బిగించి అమ్ముడవుతుండగా రెండవది గోనెసంచీలో తలవంచుకుని ఎందుకు తిరుగుతున్నదో తెలుసుకోవడం ఈ సరుకుతో పని వున్నవారికి అవసరం.

శ్రీరాంపూర్ అనగానే పెద్దపల్లి వైపు వర్తకులకు కాల్వశ్రీరాంపూర్ గుర్తుకు రావచ్చును. ఇక్కడ ప్రస్తావన మంచిర్యాల పక్కనున్న సింగరేణి శ్రీరాంపూర్ గురించి. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగే దాకా ఇది ఆదిలాబాద్ జిల్లాలోనిది, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలోనిది. ఒక పక్క బొగ్గుగనుల కార్మికుల బస్తీలు, మరో పక్క ఆసిఫాబాద్, తిర్యాణి, ఉట్నూరు దాకా పోయే ఇప్పచెట్ల అడవులు. సీసాలో విస్కీ తాగే జనం, దొప్పలో ఇప్పసారా తాగే జనం ఇంత దగ్గరదగ్గరగా వున్న చోట్లు అరుదు.

సోడా వెనుక సంగతి

బొగ్గుబెల్టు దుకాణాల్లో అమ్ముడయ్యే విస్కీలో చాలా భాగం దేశంలో తయారైన విదేశీ తరహా మద్యమే. దీనికి ఆధారం మొలాసిస్ నుంచి గాని, ధాన్యం నుంచి గాని తీసిన వాసనలేని ఆల్కహాలు. దానికి కొంత మాల్ట్ స్పిరిట్‌ను, కాస్త ఖరీదైన రకాలలో కొంత దిగుమతి స్కాచ్‌ను, రంగు కోసం మాడ్చిన చక్కెరను చేర్చుతారు. మొలాసిస్ ఆధారంగా చేసిన దానిని విస్కీ పేరుతో అమ్మడానికి ఐరోపా సమాజ దేశాలు ఒప్పుకోవు. అక్కడి నిబంధన ప్రకారం విస్కీ అనేది ధాన్యం నుంచే రావాలి.

ఈ తరహా సరుకులో సొంత వాసన తక్కువ, ఘాటు ఎక్కువ. అందుచేతనే సోడా, నీళ్లు, మంచుగడ్డ, వెంట మిక్చరు పొట్లం. నీళ్లు కలపకుండా తాగడాన్ని ఇక్కడ “రా” కొట్టడం అంటారు. ఆ మాటలో మెచ్చుకోలు కంటే మొండితనమే ఎక్కువ ధ్వనిస్తుంది. గొంతు మంటను ఓర్చుకోవడం తప్ప అందులో రుచి చూసేది ఏమీ లేనప్పుడు అలా ధ్వనించడంలో ఆశ్చర్యం లేదు. సరుకులో రుచి వున్నప్పుడే “రా” అనే మాటకు అర్థం మారుతుంది.

సింగిల్ మాల్ట్ అంటే ఏమిటన్నది చట్టంలోనే రాసి వున్నది. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం అది ఒకే ఒక డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీ నుంచి మాత్రమే, కుండబట్టీలో తీసినదై వుండాలి. కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలలో స్కాట్లాండులోనే మాగాలి. సీసాలో పట్టేటప్పటికి ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. 2012 నవంబరు 23 నుంచి సింగిల్ మాల్ట్‌ను స్కాట్లాండులోనే సీసాలలో నింపాలన్న షరతు కూడ అమలులోకి వచ్చింది. పీపాలతో తెచ్చి ఇక్కడ నింపుకునే వీలున్నది బ్లెండుకేగాని దీనికి లేదు. “సింగిల్” అంటే ఒక్క పీపా అనుకునేవారు వర్తకులలో కూడ వున్నారు. ఒకే డిస్టిలరీ అని మాత్రమే దాని అర్థం. ఆ డిస్టిలరీలోని పలు పీపాలు కలిపినా అది సింగిల్ మాల్టే. సీసా మీద వేసే వయస్సు, కలిపిన వాటిలో అన్నింటికంటే చిన్న పీపా వయస్సు.

దీనిని రుచి చూసే తీరు తొందర లేనిది. అడుగు వెడల్పుగా, మూతి సన్నగా వున్న చిన్న గ్లాసులో 30 మిల్లీలీటర్లకు మించకుండా పోస్తారు. కొద్ది నిమిషాలు కదపకుండా వుంచుతారు. మూతి సన్నగా వుండడం వల్ల వాసన చెదిరిపోకుండా పైన నిలుస్తుంది. నోరు కాస్త తెరచి వుంచి వాసన చూస్తే ఆల్కహాలు ముక్కును కొట్టదు. తరువాత చెంచాడుకు మించని గుటక తీసుకుని వెంటనే మింగక, నాలుక అంతటా తిరగనిచ్చి, లాలాజలంతో దాని పదును తగ్గిన తరువాత మింగుతారు. మింగాక ముక్కు గుండా వచ్చే ఊపిరిలో మిగిలిన వాసన ఎంతసేపు నిలుస్తుందన్న దానిని బట్టి సరుకు విలువ కడతారు. మంచినీళ్లు వేరే గ్లాసులో పక్కన వుంటాయి. రెండు గుటకల మధ్య నోరు కడుక్కోవడానికి అవి.

నీళ్లు అసలు పోయరాదన్న నియమమేమీ స్కాట్లాండులో లేదు. పీపా నుంచి తీసినది తీసినట్టుగా నింపిన రకాలు 55, 60 శాతం దాకా వుంటాయి. వాటికి కొద్ది చుక్కల నీళ్లు చేర్చితే వాసన విచ్చుకుంటుంది. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి కారణం లెక్కకట్టి చూపారు. పొగవాసనకు మూలమైన గుయాకాల్ అనే పదార్థం ఆల్కహాలు 45 శాతం లోపు వున్నప్పుడు ద్రవం పైభాగానికి చేరుతుందనీ, అంతకు బాగా మించినప్పుడు లోపలే వుండిపోతుందనీ వారు చెప్పారు. అంటే 40, 43 శాతం రకాలలో ఆ పని సీసా నింపేవాడు ముందే చేసిపెట్టాడు. కొన్నవాడు మళ్లీ నీళ్లు పోయడమంటే తాను చెల్లించిన ధరలో కొంత పారబోయడమే.

మంచుగడ్డ సంగతి వేరు. చల్లదనం వాసనను కట్టేస్తుంది. అయితే స్కాట్లాండువారు గది వేడిమిలో తాగాలన్నప్పుడు వారి గది వేడిమి 18, 20 డిగ్రీలు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఈ బొగ్గుబెల్టులో ఆ సలహాను యథాతథంగా పాటిస్తే గ్లాసులో నుంచి లేచేది ఆల్కహాలు ఆవిరి మాత్రమే. సీసాను కొంచెం చల్లబరచి, గ్లాసులో మాత్రం మంచు వేయకపోవడం ఇక్కడి వాతావరణానికి తగిన పద్ధతి.

పువ్వులోనే పంచదార

బార్లీకి, ఇప్పపువ్వుకు మధ్య అసలు తేడా ఇక్కడ వున్నది. బార్లీ గింజలో వుండేది పిండిపదార్థం. అది పులియదు. గింజను తడిపి, మొలకెత్తించి, ఆ మొలకలో పుట్టే ఎంజైముల చేత పిండిని చక్కెరగా మార్చుకుని, ఆ తరువాతనే పులియబెట్టాలి. మాల్ట్ చేయడమంటే ఇంతే. ఇప్పపువ్వుకు ఈ యాతన లేదు. ఎండిన పువ్వు బరువులో సగమో, అంతకు కొంత మించియో చక్కెరలే వుంటాయి. నీళ్లలో నానవేస్తే చాలు, పువ్వు మీద సహజంగా వున్న ఈస్టుతోనే పులియడం మొదలవుతుంది.

లెక్క వేసి చూడవచ్చును. క్వింటాలు ఎండుపువ్వులో 50 కిలోల చక్కెర వున్నదనుకుంటే రసాయనశాస్త్రం ప్రకారం దాని నుంచి రాగల ఆల్కహాలు సుమారు 25 కిలోలు, కొలతలో 32 లీటర్లు. 40 శాతం బలంతో లెక్కిస్తే 80 లీటర్లు. ఇది కాగితం మీది గరిష్ఠం. మట్టికుండల బట్టీలో ఆవిరి పోయేది, పులుపెక్కి చెడేది, అడుగున మిగిలేది తీసివేస్తే దీనికి చాలా తక్కువ వస్తుంది. పోల్చి చూడడానికి, స్కాట్లాండులో టన్ను మాల్ట్ నుంచి వచ్చే శుద్ధ ఆల్కహాలు 400 లీటర్ల పైచిలుకు. ముడిసరుకుగా ఇప్పపువ్వు బార్లీకి మరీ వెనుకబడినదేమీ కాదని దీన్ని బట్టి తెలుస్తున్నది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. నిజాం రాజ్యంలో దేశీసారాకు ప్రధానమైన ముడిసరుకు ఇప్పపువ్వే. బొంబాయి రాజధానిలో ఉరణ్ బట్టీలకు పంచమహల్ నుంచి వచ్చిన ఇప్పపువ్వే ఆధారం. ఆ ప్రాంతంలో దొంగసారాను అరికట్టే పేరుతో పువ్వు నిల్వ, అమ్మకం మీదనే ఆంక్షలు పెడుతూ 1892లో మౌరా చట్టం తెచ్చారు. సారా మీద కాక పువ్వు మీద చట్టం రావడమే ఈ సరుకు చరిత్రలో ఒక మలుపు. 19వ శతాబ్ది చివరి భాగంలో ఫ్రాన్సు ద్రాక్షతోటలు తెగులుకు గురైనప్పుడు బొంబాయి రేవు నుంచి ఇప్పపువ్వు ఓడలకెక్కింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తుపాకిమందు తయారీకి కావలసిన అసిటోన్‌ను ఇదే పువ్వు నుంచి తీసే పరిశోధన బెంగుళూరు సైన్సు సంస్థలో జరిగింది. బోధన్‌లో 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడి, ఇతర చోట్ల కూడ చక్కెర మిల్లులు పెరిగి, మొలాసిస్ చవుకగా దొరకడం మొదలయ్యాక ఇప్పపువ్వుకు బట్టీల గిరాకీ క్రమంగా పడిపోయింది. మొలాసిస్ ఏడాది పొడవునా ఒకే చోట పీపాల్లో దొరుకుతుంది. పువ్వును చెట్టు చెట్టు కింద ఏరాలి. ఈ పోటీలో పువ్వు నిలవకపోవడం వింత కాదు.

దొప్పలో పోసిన సారా

గోండులు, కోలాములు, నాయకపోడులు వుండే గ్రామాల్లో ఇప్పసారా దుకాణపు సరుకు కాదు. పుట్టుక, పెళ్లి, చావు, దేవర పూజ వీటన్నింటిలో దానికి చోటు వున్నది. తాగే ముందు నేల మీద నాలుగు చుక్కలు పోయడం ఆచారం. మొదటి వంతు పెద్దలది, దేవతలది. మోదుగాకు దొప్పలో పోసేది కొద్ది పరిమాణమే. అందులో నీళ్లు కలపరు.

తయారీ తీరు ఇది. ఎండుపువ్వును కుండలో నానవేసి ఎండకాలమైతే నాలుగైదు రోజులు, చలికాలమైతే వారం పైన పులియనిస్తారు. పొంగు ఆగిన తరువాత కుండను పొయ్యి మీద పెట్టి, పైన చన్నీళ్ల పాత్ర వుంచి, ఆవిరి చల్లబడి చుక్కలుగా దిగేటట్టు చేస్తారు. పై పాత్రలో నీళ్లు వేడెక్కినప్పుడల్లా మార్చాలి. ఎన్నిసార్లు మార్చారన్న దానిని బట్టి సారా బలం అంచనా కడతారు. మొదట దిగేది ఘాటు, పోనుపోను పలచన. తొలి చుక్కలను మంటలో చిలకరిస్తే భగ్గుమంటుంది. సీసాలో పోసి కుదిపితే పైన పూసల్లాంటి బుడగలు కడతాయి. ఆ పూస ఎంతసేపు నిలిస్తే సారా అంత బలమైనది. హైడ్రోమీటరు లేని చోట ఇదే కొలత. స్కాట్లాండులో కూడ పాత కాలపు వర్తకులు సీసా కుదిపి పూస చూసేవారు.

వాసన విషయంలో ఇప్పసారాను దాచిపెట్టడం సాధ్యం కాదు. ఎండిన పువ్వుకు వుండే తియ్యని, కాస్త మగ్గిన వాసన ఆవిరితో పాటు సారాలోకి వస్తుంది. మంచి పువ్వుతో, శుభ్రమైన కుండలో, సన్నని మంట మీద తీసినదైతే ఆ వాసన హాయిగా వుంటుంది. బూజు పట్టిన పువ్వు వేస్తే బూజువాసన, మంట పెంచితే మాడువాసన వస్తాయి. తడిసిన పువ్వు వేస్తే పులుపు దిగుతుంది. నీళ్లు పోసినా ఇవి పోవు. నీళ్లు పోయకపోతే మాత్రం మొదటి గుటకలోనే బయటపడతాయి. కనుకనే ఊరి పెద్దలు కొత్తగా దిగిన సారాను రాగానే, నీళ్లు తగలకుండా రుచి చూస్తారు.

గుడుంబాను ఇప్పసారాతో కలిపి మాట్లాడడం బస్తీల్లో అలవాటు. రెండింటికీ సంబంధం లేదు. గుడుంబాకు బెల్లం ఆధారం. త్వరగా పొంగడానికి నవాసాగరం, పటిక వంటివి వేస్తారు. రుచి చూడడానికి కాక మత్తు కోసమే అమ్మే సరుకు అది. కల్తీసారా మరణాలుగా పత్రికల్లో వచ్చే ఘోరాలలో చాలా వాటికి మూలం పరిశ్రమల్లో వాడే మిథైల్ ఆల్కహాలును ఎవరో తెచ్చి కలపడం. అది వాసనలో గాని, రుచిలో గాని తేలికగా పట్టుబడదు. అందుచేత ఎక్కడిదో తెలియని సారాను రుచి చూసి నిర్ణయిద్దామనుకోవడం ప్రమాదకరం. పైన చెప్పిన పరీక్షలన్నీ బలం ఎంతో చెబుతాయిగాని విషం వున్నదీ లేనిదీ చెప్పవు.

పీపాలో మాగించడం ఇప్పసారాకు లేదు. తీసిన వారం పది రోజుల్లో అయిపోతుంది. పెట్టుబడి లెక్కలో ఇది మేలే. స్కాట్లాండులో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. 100 లీటర్లు పోస్తే 12 ఏళ్లకు మిగిలేది 78 లీటర్ల చొప్పున. బెంగుళూరులో ఈ తరుగు ఏటా 10 నుంచి 12 శాతం దాకా వుంటుంది. 11 శాతం చొప్పున వేస్తే 12 ఏళ్లకు 25 లీటర్లు కూడ మిగలవు. అందుకే బెంగుళూరు అమృత్ డిస్టిలరీ తన సింగిల్ మాల్ట్‌ను నాలుగైదేళ్లలోనే సీసాలకెక్కించి 2004లో గ్లాస్గోలో విడుదల చేసింది. వేడిదేశంలో సరుకు త్వరగా మాగుతుంది, త్వరగా మాయమవుతుంది కూడ. తెలంగాణ ఎండలో ఎవరైనా ఇప్పసారాను పీపాల్లో మాగించదలిస్తే ముందు ఈ తరుగు లెక్క వేసుకోవలసి వుంటుంది.

తేమకు కట్టే ధర

పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఆడవాళ్లు, పిల్లలు చీకటితోనే గంపలతో చెట్ల కిందికి చేరుతారు. ఆలస్యమైతే పశువులకో, ఎలుగుబంట్లకో పోతుంది. ఏరడం సులువు కావడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టడం పాత అలవాటు. దీనివల్ల అడవికి నష్టం, పువ్వుకు బూడిద, మట్టి. పచ్చిపువ్వు బరువులో మూడు వంతులకు మించి నీళ్లే. నాలుగైదు కిలోలు ఎండితే కిలో అవుతుంది. మీగడ రంగు పోయి కిస్‌మిస్ రంగు తిరిగితే ఎండినట్టు లెక్క.

పేచీలన్నీ ఈ ఎండడం దగ్గరనే. క్వింటాలు పువ్వులో 12 కిలోల తేమ వుంటే కొన్నవాడికి దక్కే ఎండుసరుకు 88 కిలోలు. తేమ 22 కిలోలైతే దక్కేది 78. పది కిలోల నీళ్లకు పువ్వు ధర కట్టినట్టయింది. అంతటితో పోదు. తడి పువ్వు బస్తాలోనే పులియడం ఆరంభించి, వేడెక్కి, నల్లబడి, జూన్ వానలు పడేసరికి ముద్ద కడుతుంది. పిడికిట బిగించి వదిలితే విడివిడిగా రాలే పువ్వు ఎండినది. ఉండగా నిలిచేది ఎండలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యని వాసన రావాలి, పులుపు తగలకూడదు. ఈ రెండింటికీ ఖర్చు లేదు. అయినా రద్దీ రోజున కాటా దగ్గర ఈ పాటి ఓపిక కనిపించకపోవడమే విచారకరం.

నష్టం కొన్నవాడిదే అనుకోరాదు. ఏప్రిల్‌లో చేతిలో డబ్బులేని కుటుంబం పువ్వు పూర్తిగా ఎండేదాకా ఆగలేదు. ఉప్పుకూ, పప్పుకూ అంగడికి పోయిన రోజునే అమ్ముకుంటుంది. తడి పేరు చెప్పి కోత పెట్టేవాడు ఎండిన పువ్వుకు కూడ అదే కోత పెడితే, ఎండబెట్టడంలో లాభమేమిటని ఏరేవారు తడిదే తెస్తారు. అదే కుటుంబం వానకాలంలో పండుగకో, పెళ్లికో తాను అమ్మిన పువ్వునే ఎక్కువ ధరకు తిరిగి కొనడం మధ్యభారతపు అడవి అంగళ్లలో ఎప్పటినుంచో వున్న తీరు. నాణ్యతను బట్టి రెండు ధరలు పెట్టిన చోటనే ఎండుపువ్వు వస్తుంది. ఈ చిన్న సూత్రం పాటించని అడితి వానకాలంలో ముద్ద కట్టిన బస్తాలతో మిగులుతుంది.

పది పౌండ్ల లైసెన్సు

స్కాచ్ కూడ ఒకప్పుడు దొంగసరుకే. స్కాట్లాండు ఉత్తర కొండల్లో చిన్న బట్టీలన్నీ చాటుగా నడిచేవి. పన్ను కట్టి తీసిన మద్యం కంటే చాటున తీసినదే రుచిగా వుంటుందన్న పేరు. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు చట్టవిరుద్ధమైన గ్లెన్‌లివెట్ సారాను కోరి తెప్పించుకున్నాడని ప్రతీతి. మరుసటి ఏడు, 1823లో, ఎక్సైజు చట్టం వచ్చింది. సుంకం బాగా తగ్గించి, 40 గ్యాలన్లకు తగ్గని బట్టీకి ఏడాదికి 10 పౌండ్ల లైసెన్సు రుసుముతో అనుమతి ఇచ్చారు. 1824లో గ్లెన్‌లివెట్‌లో జార్జి స్మిత్ అనే రైతు లైసెన్సు తీసుకున్నాడు. చాటుబట్టీల ఇరుగుపొరుగువారు బెదిరించగా నడుముకు పిస్తోళ్లు కట్టుకుని వ్యాపారం చేశాడంటారు. ఈనాడు వేల రూపాయలు పోసి కొనే సీసాల వెనుక వున్నది ఆ పది పౌండ్ల నిర్ణయమే.

మన దగ్గర చట్టం వేరే దారిన నడిచింది. 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం అనుమతి లేకుండా పువ్వు పులియబెట్టి బట్టీ పెట్టడం నేరం. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు లేవదీసిన ఉద్యమంతో 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా అమ్మకం నిషేధించబడింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలిపోయింది. సడలింపుతో సీసా మద్యం తిరిగి వచ్చింది, సారా రాలేదు. ఆ స్త్రీల ఉద్యమానికి తగిన కారణాలు వున్నాయి. కూలిడబ్బు సారా ప్యాకెట్లకు పోయిన ఇళ్లలో అన్నం లేని రోజులు అందరూ చూసినవే. ఇప్పసారాకు లైసెన్సు అడిగేవారెవరైనా ముందు ఆ ఇళ్లకు జవాబు చెప్పవలసి వుంటుంది.

ఇక పువ్వు కొనుగోలు సంగతి. షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఫలసాయపు వర్తకాన్ని 1979 నాటి నిబంధన ద్వారా గిరిజన సహకార సంస్థకు అప్పగించారు. 1996 నాటి పెసా చట్టం ఆ ఫలసాయంపై యాజమాన్యాన్ని, మత్తుపదార్థాలపై నియంత్రణను గ్రామసభల చేతిలో పెట్టింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం ఏరుకునే, అమ్ముకునే హక్కును ఏరేవారికే ఇచ్చింది. ఏజెన్సీ గ్రామంలో నేరుగా కాటా పెట్టదలచిన వర్తకుడు ఈ మూడింటినీ చూసుకోవాలి. రాష్ట్ర సరిహద్దు దాటించేటప్పుడు ఆ వైపు నిబంధనలు కూడ చూసుకోవాలి. పువ్వు నిల్వ, రవాణా విషయంలో రాష్ట్రానికొక తీరు వున్నది.

ఇతర చోట్ల దారి కొంత తెరుచుకున్నది. మధ్యప్రదేశ్ 2022లో వారసత్వ మద్యం పేరిట ఒక విధానం తెచ్చి, అలీరాజ్‌పూర్, డిండోరి జిల్లాల గిరిజన బృందాలకు ఇప్పమద్యం తీసి సీసాలలో అమ్మే అవకాశం ఇచ్చింది. చిత్తూరు జిల్లాలో అగేవ్ మొక్క నుంచి మద్యం తీస్తున్న డెస్మండ్‌జీ సంస్థ 2018లో గోవాలో ఇప్పమద్యాన్ని విడుదల చేసింది. తెలుగుగడ్డ మీద డిస్టిలరీ వున్న సంస్థ ఇప్పమద్యాన్ని అమ్మడానికి గోవాను ఎంచుకున్నది, ఆదిలాబాద్‌ను కాదు.

తాగడానికి కాక తినడానికి పోయే పువ్వుకు కూడ గిరాకీ లేచింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం తయారుచేసే ఇప్పపువ్వు లడ్డూలకు పేరు వచ్చింది. 2021లో ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఎండుపువ్వు ఫ్రాన్సుకు ఓడలో పోయింది. 2022లో మధ్యప్రదేశ్‌లో లండన్ కంపెనీ ఒకటి 200 టన్నుల పువ్వుకు కిలో రూ. 110 చొప్పున ఒప్పందం చేసుకున్నట్టు ప్రకటించారు. అప్పుడు ఆ రాష్ట్రంలో మద్దతు ధర కిలో రూ. 35. మూడింతల ధర దేనికంటే, చెట్టు కింద వల కట్టి నేల తగలకుండా పట్టిన పువ్వుకు. మట్టి, బూడిద, పేడ అంటని సరుకు అది. వల ఖరీదు ఒక్క సీజనులోనే తిరిగి రాగలదని ఈ తేడాయే చెబుతున్నది. అయితే ఇటువంటి కొనుగోలుదారు ముందుగా ఒప్పందం లేకుండా అంగడికి వచ్చి కొనడు. వల పువ్వు సిద్ధం చేసి కూర్చున్నంత మాత్రాన ఆ ధర రాదన్నది కూడ గుర్తుంచుకోవాలి.

స్కాచ్ వైపు కూడ ధారణ కదలనున్నది. 2025 జూలై 24న భారత్, బ్రిటన్‌ల మధ్య సంతకమైన వాణిజ్య ఒప్పందం ప్రకారం విస్కీ మీద దిగుమతి సుంకం 150 శాతం నుంచి, ఒప్పందం అమలుతో 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దిగుతుంది. సుంకం సగమైనంత మాత్రాన దుకాణంలో సీసా ధర సగం కాదు. రాష్ట్ర పన్నులు, మార్జిన్లు వేరే వుంటాయి. ఎక్కువ లాభం పొందేది పీపాలతో స్కాచ్ తెచ్చి దేశీ విస్కీలో కలిపే కంపెనీలే కావచ్చును.

పువ్వు అయిపోగానే చెట్టు పని అయిపోదు. జూన్, జూలైలలో ఇప్పపలుకులు దిగుతాయి. నూనె మూడో వంతుకు మించి వుండే ఈ గింజలకు సబ్బు తయారీదారుల గిరాకీ వున్నది. పిండిలో సాపోనిన్ అనే విషపదార్థం వుంటుంది గనుక పశువులకు నేరుగా పెట్టరు. పువ్వు నిల్వలు వానలకు ముందే కదిలించుకున్నవారికి పలుకుల కొనుగోలుకు గోదాములో చోటు, చేతిలో పైకం రెండూ మిగులుతాయి.